ఎత్తుకోని ఆవిడ

4, సోమవారం

కోడలు ప్యాసయింది. బస్సు నడిపే పరీక్షలో ఈ విడత ఆడవాళ్ళు ఇద్దరే నెగ్గారట, అందులో మా పిల్ల ఒకతి. వచ్చే నెల ఒకటో తేదీ పొద్దున్నే డిపోలో చేరాలి. ఆ రోజు చేరకపోతే ఉద్యోగం తర్వాతి పేరున్నవాళ్ళకి పోతుంది. కిందటేడు కాన్పు వల్ల ఒకసారి వదులుకుంది. రెండోసారి వదులుకోనివ్వనని వంటింట్లో నిలబెట్టి మరీ చెప్పాను.

అప్పుడు తను నెమ్మదిగా ఇంకో మాట చెప్పింది.

"అత్తయ్యా, పాప కోసం పిల్లల సంరక్షణ కేంద్రంలో పేరు రాయించాను. మునిసిపాలిటీ ఆఫీసు మేడ మీద ఉంది కదా, అది. గవర్నమెంటు వాళ్ళదే. ఇంటి దగ్గర్లో పిల్లల్ని చూసుకునేవాళ్ళ పేర్లు ఇస్తారు. ఫీజులో కొంత కూడా వాళ్ళే కడతారు."

"మంచిదే. ఇంట్లో నేనొక దాన్ని ఉన్నానని వాళ్ళకి చెప్పావా మరి?"

నవ్వుతూనే అన్నాను. తను నవ్వలేదు.

"రెండు షిఫ్టులు అత్తయ్యా. మీ అబ్బాయి చూస్తే వారంలో సగం రోజులు ఊళ్ళమీదే. పొద్దస్తమానం పిల్లతో మీరొక్కరే ఎలా?"

"నీ మొగుణ్ణి పెంచింది ఎవరనుకున్నావు, డిపోవాళ్ళా?"

దానికి మాత్రం నవ్వింది.

మనవరాలికి ఏడాది నిండి రెండు నెలలు. చేతులు వెనక్కి కట్టుకుని ఇల్లంతా తిరుగుతూ గిన్నెలు, చెప్పులు, మంచాల కింద చీకటి అన్నీ తనిఖీ చేస్తుంది కాబట్టి మా ఆయన దానికి ఇన్‌స్పెక్టరని పేరు పెట్టారు. ఇప్పుడు ఇంకే పేరుతో పిలిచినా పలకదు.

సాయంత్రం పాలకప్పు జారి పగిలింది. ఆ రకం కప్పులు మరీ నున్నగా ఉంటాయి. ఇక కొనకూడదు.

5, మంగళవారం

సీసా మూతలు ఈమధ్య ఫ్యాక్టరీలోనే మరీ బిగించేస్తున్నారు.

6, బుధవారం

కోడలితో పాటు కేంద్రానికి నేనూ వెళ్ళాను. నన్నెవరూ రమ్మనలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు.

టీకాల గది పక్కన చిన్న గది. పిల్లల కుర్చీలు నాలుగు, పెద్దవాళ్ళవి రెండు. గోడ మీద మా పేట మ్యాపు, దాని మీద అక్కడక్కడా రంగు సూదులు. బల్ల వెనక ఒక అమ్మాయి. పాతికేళ్ళుంటాయేమో. కోడలు చెప్పినవన్నీ కంప్యూటర్లో కొట్టుకుని, మా ఇంటికి దగ్గర్లో ఖాళీ ఉన్నవాళ్ళు ముగ్గురున్నారంది. మార్కెట్టు వెనక వీధిలో ఒక రిటైరైన టీచరుగారు. పార్కు దగ్గర ఒకావిడ. పోస్టాఫీసు సందులో ఇంకొకావిడ. ఎవరికైనా మూడు పేర్లే ఇస్తారట.

"ఈ ముగ్గురిలో ఎవరు మంచివాళ్ళమ్మా?" అన్నాను.

"ముగ్గురికీ లైసెన్సు ఉందండీ. ఇళ్ళు మేం వెళ్ళి చూశాం. మీరు కూడా చూసుకుని ఎవరు నప్పుతారో తేల్చుకోవాలి. మేం పేర్లు ఇస్తాం, సలహా ఇవ్వం. అది మా రూలు."

"కూరగాయలబ్బాయి కూడా ఏది లేతదో చెప్తాడు కదమ్మా."

"ఆయనకి రూలు లేదండీ."

మర్యాదగానే అంది. నాకు ఆ పిల్ల నచ్చింది. నచ్చినంత మాత్రాన వదిలిపెట్టలేను కదా.

"సరే. రేపు నీకొక బిడ్డ పుట్టిందనుకో."

"నాకింకా పెళ్ళి కాలేదండీ."

"అవుతుందిలే. పుట్టిందనుకో. నువ్వు ఉద్యోగానికి రావాలి. ఈ ముగ్గురిలో ఎవరి దగ్గర వదిలిపెడతావు?"

"అత్తయ్యా" అంటూ కోడలు నా మోచెయ్యి తాకింది.

ఆ అమ్మాయి నా వైపు చూసింది, కంప్యూటరు వైపు చూసింది, మూడు పేర్లూ మళ్ళీ ఒక్కొక్కటే చదివింది. మొదటిది చదివింది. రెండోది చదువుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గింది. దగ్గి, నా కళ్ళలోకి చూసింది. తర్వాత మూడోది చదివింది.

నాకు అర్థమైపోయింది. రూలు నోటికే గాని గొంతుకి కాదు కదా.

మెట్లు దిగుతూ కోడలికి చెప్పాను, పార్కు దగ్గరావిడ వద్దని.

"ఎందుకు?"

"ఆ అమ్మాయి చెప్పింది."

"ఎప్పుడు చెప్పింది?"

"చెప్పింది."

8, శుక్రవారం

టీచరుగారి ఇల్లు చూసొచ్చాం. మేడ మీద వాటా. నేల మీద గింజ పడితే కనిపించేంత శుభ్రం. గోడకి టైము టేబులు. ఆడుకునే టైము, పాల టైము, నిద్ర టైము. ముగ్గురు పిల్లలు ఒకే రంగు ఏప్రన్లు కట్టుకుని వరసగా కూర్చుని అరటిపండు తింటున్నారు. ఒక్కడు కూడా కింద పడేయడంలేదు. నాకు భయం వేసింది.

"ఏడవడానికి టైము ఎప్పుడండీ?" అని అడిగాను.

ఆవిడ నిజంగానే టైము టేబులు వైపు చూసింది.

ఇన్‌స్పెక్టరు పుస్తకాల బీరువా ముందు నిలబడి తనిఖీ మొదలుపెట్టగానే ఆవిడ తడిగుడ్డ తెచ్చి దాని చేతులు తుడిచింది. అది తన చేతులు తానే తిప్పి తిప్పి చూసుకుంది, ఎవరివో అన్నట్టు.

కోడలికి నచ్చినట్టే ఉంది. శుభ్రతకి పదికి పది వేశాను, మిగతావాటికి కూడా బాగానే వేశాను. కానీ మెట్లు. పిల్లని చంకనేసుకుని అన్ని మెట్లు ఎవరెక్కుతారు?

10, ఆదివారం

వీధి తలుపు తాళం ఈమధ్య నాతో పంతానికి పోతోంది. పొద్దున ఆయన చూస్తుండగా తాళంచెవి ఎడమచేత్తో తిప్పాను. ఆయనది తాళాల కొట్టు, ముప్ఫై ఏళ్ళుగా అదే పని.

"తాళానికి నూనె లేదోయ్. అందుకే మొండికేస్తోంది" అని నూనె వేశారు.

సాయంత్రం కొట్టునుంచి వస్తూ నా తాళంచెవికి కర్రపిడి బిగించుకొచ్చారు. నిమ్మకాయంత ఉంది. గుండ్రంగా, నున్నగా చిత్రిక పట్టించి. పిడికిలితో పట్టుకుంటే చాలు, తిరిగిపోతుంది.

"ఎందుకండీ ఇది?"

"సంచిలో తొందరగా దొరుకుతుందని."

మంచి ఆలోచన. సంచిలో తాళంచెవి వెతుక్కోవడం ఎప్పుడూ ఉన్న బాధే.

11, సోమవారం

పోస్టాఫీసు సందులో ఇల్లు. చిన్న వయసావిడ. సొంత పిల్లలిద్దరు, బయటి పిల్లలిద్దరు, ఒక పిల్లి, ఆగకుండా మాట్లాడే టీవీ. ఆవిడ నవ్వు వీధి చివరకి వినిపిస్తుంది. ఇన్‌స్పెక్టరు పిల్లి వెనకాల మంచం కిందికి దూరింది. నేను వంగి బయటికి లాగబోయాను. పట్టు దొరకలేదు. చొక్కా జారుడు గుడ్డ. ఆవిడే లాగింది, ఇద్దర్నీ, పిల్లనీ పిల్లినీ.

పిల్లికి మార్కులు తీసేశాను.

12, మంగళవారం

కోడలు ఇవాళ తేల్చేద్దామంది. భోజనాల బల్ల దగ్గర ఆయన కూడా ఉన్నారు.

"అత్తయ్యా, టీచరుగారికేమో మెట్లు తప్పు. పోస్టాఫీసు సందావిడకేమో పిల్లి తప్పు. పార్కు దగ్గరావిడకేమో దగ్గు తప్పు. పోనీ ఆ దగ్గయినా ఆవిడది కాదు."

ఆయన మంచినీళ్ళు తాగుతున్నవారు పొలమారి లేచి వెళ్ళిపోయారు. వరండాలోంచి చాలాసేపు నవ్వు వినిపించింది.

"నువ్వు నవ్వుకోవచ్చు" అన్నాను కోడలితో.

తను నవ్వలేదు. చిక్కుడుకాయలాగా సన్నగా అయిపోయింది ఈ పరీక్షల గొడవలో. "పోనీ మీరే చూస్తారా?" అంది.

"చూడనా మరి?"

తను నా ముఖం వైపు చాలాసేపు చూసింది. నా ముఖం వైపే. చెయ్యి వైపు చూడలేదు.

ఆ ముక్క ఎందుకు రాశానో తెలియదు.

13, బుధవారం

కోడలికి డిపోలో పొద్దుటిపూట ట్రైనింగు మొదలైంది. పిల్ల నా దగ్గరే. పేర్ల సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టమని కేంద్రానికి ఫోన్ చేసి చెప్పానంది. హాయిగా ఉంది.

14, గురువారం

ఎత్తుకోమని చేతులు చాపింది. నడిస్తే కాళ్ళకి బలమని నడిపించాను.

15, శుక్రవారం

ఇవాళ ఎడమచేత్తో రాస్తున్నాను. రెండు చేతులూ అలవాటు చేసుకుంటే బుర్రకి మంచిదని ఎక్కడో చదివాను. అక్షరాలు తాగినట్టున్నాయి.

మళ్ళీ చేతులు చాపింది. మళ్ళీ నడిపించాను.

18, సోమవారం

ఇన్‌స్పెక్టరుకి ఇవాళ ఎక్కువసేపు స్నానం చేయించాను. దానికి నీళ్ళంటే ఇష్టం.

19, మంగళవారం

నిన్నటిది చదువుకుంటే సిగ్గేసింది. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు. నాకు నేనే అబద్ధం చెప్పుకోవాలా?

నిన్న పొద్దున పిల్లని స్నానాల తొట్టిలో కూర్చోబెట్టాను. కూర్చోబెట్టడం కూడా మోచేతుల మీదుగా జార్చి దింపడమే. నీళ్ళు తక్కువే పోశాను. ఒళ్ళు రుద్దాను, నీళ్ళు పోశాను, అంతా బాగానే ఉంది. పైకి తీద్దామని చంకల్లో చేతులు పెట్టాను. కుడిచేయి లేదు. ఉంది, కనిపిస్తూనే ఉంది, కానీ పట్టుకోవడంలేదు. బొటనవేలూ దాని పక్క వేళ్ళూ ఎవరివో అయిపోయాయి. ఒక జానెడు లేచింది పిల్ల. లేచి జారి మళ్ళీ కూర్చుంది. దెబ్బ తగల్లేదు. అది ఆటనుకుని కేరింతలు కొట్టింది. మళ్ళీ లేపమని చేతులు చాపింది.

రెండోసారి ప్రయత్నించలేదు. తడి పిల్ల. తొట్టి అంచు గట్టిది. జారితే ఏమవుతుందో నాకు తెలుసు.

నీళ్ళు వదిలేశాను. తువ్వాలు చుట్టాను. ఫోన్ వంటింట్లో ఉంది. దాన్ని ఒక్కదాన్నీ వదిలి వెళ్ళలేను, నిలబడి తొట్టి ఎక్కబోతుంది. ఏం చేయాలో తోచక, కట్టుబట్టలతోనే నేను కూడా తొట్టిలోకి దిగి దాని పక్కన కూర్చున్నాను. ఇంకో తువ్వాలు ఇద్దరి మీదా కప్పుకున్నాను. సబ్బుపెట్టె, చెంబు, దువ్వెన, అన్నీ అందుకుని దానికి ఇచ్చాను. అది ఒక్కొక్కటీ పరీక్షించి తిరిగి నా ఒళ్ళో పెట్టింది. ఆయన భోజనానికి వచ్చేదాకా అలాగే ఉన్నాం.

ఆయన స్నానాలగది గుమ్మంలో నిలబడి మమ్మల్నిద్దర్నీ చూశారు.

"ఎక్కడికమ్మా ప్రయాణం? టిక్కెట్లు తీసుకున్నారా?" అన్నారు.

మనవరాలు దువ్వెన ఇచ్చింది.

ఆయన ముందు దాన్ని ఎత్తుకుని మంచం మీద కూర్చోబెట్టి వచ్చారు. తర్వాత నాకు చెయ్యి అందించారు. కుడిచేయి కాదు. నా ఎడమచేతికి అందేలా తన చేయి చాపారు.

నేనేమీ చెప్పకముందే.

లేచి నిలబడ్డాక, "ఎప్పట్నించి తెలుసు మీకు?" అన్నాను.

"నేను తాళాలవాణ్ణి కదోయ్. తిప్పేవాళ్ళ చేతులు చూడకపోతే నాకు పని తెలుస్తుందా?" అని నా తడి కొంగు పిండి పెట్టారు.

20, బుధవారం

కోడలు ట్రైనింగునుంచి రాగానే చెప్పేశాను. చెప్పడానికి మాటలన్నీ కూర్చుకున్నాను గానీ ఒక్కటీ రాలేదు. "నా చెయ్యి పనిచేయడంలేదు. పిల్లని నేను చూడలేను" అన్నాను.

తను బ్యాగు కింద పెట్టి నా పక్కన కూర్చుంది.

"నాకు తెలుసు అత్తయ్యా. దుప్పటి పిండలేక నీళ్ళోడుతూనే తాడు మీద వేశారు చూడండి, ఆ రోజునుంచి."

"అది రెండు నెలల మాట."

"అందుకే కదా కేంద్రానికి వెళ్ళింది."

"మరి నాతో అనలేదేం?"

"మీరే చెప్తారని ఆగాను. నేనంటే ఒప్పుకుంటారా? నా ముందు ఇంకో దుప్పటి తెచ్చి పిండి చూపించేవాళ్ళు."

నిజమే. పిండేదాన్ని.

"ఇన్ని రోజులు ఆగితే నీ ఉద్యోగం ఏమైపోవాలి?"

ఒకటో తేదీ దగ్గరపడుతోంది, తను నా నోరు తెరుచుకునేదాకా చూస్తూ కూర్చుంది. ఆ పిల్లని తిట్టాలో దగ్గరికి తీసుకోవాలో తెలియలేదు. ఎడమచేత్తో తల మీద ఒకటి వేశాను. రెండూ అందులోనే అయిపోయాయి.

కేంద్రానికి నేనే ఫోన్ చేశాను.

"నమస్కారమండీ, పిల్లల సంర..." అని దగ్గు అందుకుంది ఆ అమ్మాయి. చాలాసేపు దగ్గింది.

"జలుబా అమ్మా?"

"నెలరోజుల్నించీ అండీ. ఏసీ సరిగ్గా నా నెత్తి మీదే పెట్టారు."

"మేమొచ్చినప్పుడు కూడా ఉందా?"

"అప్పుడైతే ఇంకా ఎక్కువండీ."

కోడలు దిండులో ముఖం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

టీచరుగారి దగ్గర ఖాళీ నిండిపోయిందట. పోస్టాఫీసు సందులో కూడా. మిగిలింది పార్కు దగ్గరావిడ ఒక్కతే, ఆవిడ దగ్గరా ఒక్క చోటే. దానికోసం వేరే వాళ్ళు శుక్రవారం చూడ్డానికి వస్తామన్నారట.

"ఆవిడ ఎలాంటిదమ్మా?" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. అడ్రసు మళ్ళీ చెప్పించుకున్నాను.

21, గురువారం

పార్కు వెనక కింది వాటా. మెట్లు లేవు. అది ముందే చూసుకున్నాను.

ఆవిడది నా ఈడే. పొడుగు, భారీ మనిషి. మోకాళ్ళకి గుడ్డ తొడుగులు కట్టుకుంది, గచ్చు పనివాళ్ళు కట్టుకుంటారే, అలాంటివి. తలుపు తీసి, రండి రండి అని లోపలికి పిలిచి, వెంటనే నేల మీద చతికిలబడింది. ఆ గదిలో పెద్దవాళ్ళ కుర్చీ ఒక్కటే. మిగతావన్నీ మోకాలెత్తులో ఉన్నాయి. బల్లలు, అలమరలు, కొక్కేలు, అద్దం కూడా.

నలుగురు పిల్లలు. మేం మాట్లాడుతుండగా వాళ్ళలో ఒక బుడతడు బోర్లాపడి, లేచి, రెండు చేతులూ పైకెత్తి ఏడుస్తూ ఆవిడ దగ్గరికి వచ్చాడు. ఆవిడ ఎత్తుకోలేదు. ఇంకాస్త కిందికి ఒరిగి, ఒళ్ళు వెడల్పు చేసి, "ఇదిగో, ఇక్కడే ఉన్నాను. రా, ఎక్కు" అంది. వాడు ఏడుస్తూనే మోకాలెక్కి, ఒళ్ళోకి దొర్లి, మెడ పట్టుకున్నాడు. అప్పుడు చేతులు రెండూ చుట్టింది.

నేను ఊరుకోలేదు. "పిల్లాడు చేతులు చాపితే ఎత్తుకోరా మీరు?"

"ఎత్తుకోనండీ."

"ఏడ్చినా?"

"ఏడిస్తే నేనే కిందికి దిగుతాను."

కోడలు నా వైపు చూసింది, ఇదిగో ఈ ఇల్లు కూడా పోయింది అన్నట్టు.

ఆవిడే చెప్పింది. చాలా ఏళ్ళ కిందట నడుం పట్టేసిందట. బరువులెత్తొద్దన్నాడట డాక్టరు. లైసెన్సు వెనక్కి ఇచ్చేద్దామని కేంద్రానికి బయల్దేరిన రోజు, చెప్పులేసుకోడానికి నేల మీద కూర్చుంటే, అప్పట్లో ఉన్న పిల్లలందరూ వచ్చి ఆవిడ మీద ఎక్కేశారట. "లేవనిచ్చారా? ఆఫీసు మూసే వేళయిపోయింది. ఇక వెళ్ళలేదు. ఎత్తుకోవడం మన తొందరకండీ. వాళ్ళకేం తొందర, బస్సేమైనా వెళ్ళిపోతుందా?"

"వీళ్ళమ్మకి వెళ్ళిపోతుందండీ" అన్నాను కోడల్ని చూపించి.

బస్సు డ్రైవరని తెలిశాక ఆవిడ నవ్విన నవ్వుకి పిల్లలందరూ వచ్చి, ఏమిటో తెలియకపోయినా, నవ్వారు.

గుడ్డలు మార్చే పరుపు పక్కన మూడు చెక్కమెట్లు ఉన్నాయి. పిల్లలే ఎక్కి పడుకుంటారట. ఇన్‌స్పెక్టరు చేతులు వెనక్కి కట్టుకుని వాటిని అన్ని వైపులనుంచీ చూసింది. ఎక్కింది. వెనక్కి తిరిగి దిగింది. మళ్ళీ ఎక్కింది. స్నానానికి తొట్టి లేదు, అంచు లేని పళ్ళెంలాంటిది నేల మీదే ఉంది. దాని దగ్గర నేను కొంచెంసేపు ఎక్కువ నిలబడ్డాను.

"నా చెయ్యి కూడా పట్టు తప్పిందండీ. మొన్న దీన్ని తొట్టిలోంచి తీయలేకపోయాను" అన్నాను. ఎందుకన్నానో, ఆవిడెవరో నేనెవరో. కోడలికి కూడా నిన్ననే చెప్పాను.

"అయితే మీరు కూడా కిందికి దిగాల్సిందే" అని పక్కన చాప మీద చోటు చూపించింది.

కూర్చున్నాను.

మార్కులు వేయలేదు. కోడలు అక్కడికక్కడే కేంద్రానికి ఫోన్ చేసి ఆ చోటు ఖాయం చేసింది.

23, శనివారం

మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందన్నాడు డాక్టరు. పట్టీ వేశాడు. తీసినప్పుడు చూద్దాం, ఆపరేషను అవసరం పడకపోవచ్చు అన్నాడు.

"ఎన్నాళ్ళనుంచి ఉంది?" అని అడిగాడు.

"ఈమధ్యే" అన్నాను నేను.

"చలికాలం ముందునుంచి" అన్నారు ఆయన.

25, సోమవారం

చేరిన మొదటి వారం ఇంటివాళ్ళెవరో ఒకరు దగ్గర కూర్చోవాలని ఆవిడ పద్ధతి. కోడలికి ట్రైనింగు. కాబట్టి నేను. ఒక్కగానొక్క కుర్చీ నాకిచ్చారు. ఇన్‌స్పెక్టరు మాటిమాటికీ వచ్చి నేనున్నానో లేదో తనిఖీ చేసి వెళ్ళింది.

26, మంగళవారం

తనిఖీలు తగ్గాయి. మంచిదే. అందుకే కదా వచ్చింది.

27, బుధవారం

ఇవాళ వెళ్ళి కాసేపటికి తిరిగి రమ్మన్నారు. అది ఆటలో ఉన్నప్పుడు మెల్లిగా జారుకుందామని చెప్పులు చేతిలో పట్టుకున్నాను. ఆవిడ నేల మీదనుంచే పట్టుకుంది.

"దొంగచాటుగా వద్దండీ. ముఖం చూసి చెప్పి వెళ్ళండి. ఏడిస్తే ఏడవనీండి. మిమ్మల్ని వెతుక్కోడం కన్నా నయం కదా."

చెప్పాను. "అమ్మమ్మలు, నాయనమ్మలు, వెళ్తారు, మళ్ళీ వస్తారు" అని ఏదో అన్నాను. ఏడ్చింది. గేటు దాటేదాకా వినిపించింది.

పార్కులో కూర్చుందామని వెళ్తే బెంచీ మీద ఆయన ఉన్నారు.

"కొట్టు వదిలేసి ఇక్కడేం చేస్తున్నారు?"

"తాళంచెవులు పోగొట్టుకున్నవాళ్ళెవరైనా ఉంటారేమోనని."

ఇద్దరం గేటు వైపే చూస్తూ కూర్చున్నాం. ఏడుపు ఆగింది. ఆగినందుకు సంతోషించాలి. ఆయన జేబురుమాలు ఇచ్చారు.

28, గురువారం

ఇవాళ ఏడవలేదు. సరిగ్గా వినలేదేమోనని వెళ్తున్నానని మళ్ళీ చెప్పాను. ఇంకోసారి కూడా చెప్పాను.

"పిల్ల అలవాటు పడిపోయింది. మీకే ఇంకో వారం పట్టేట్టుంది" అంది ఆవిడ.

29, శుక్రవారం

మధ్యాహ్నం అక్కడే నిద్రపోయిందట. నేనిక్కడ పడుకుని పైకప్పు చూశాను.

1, సోమవారం

కోడలు యూనిఫాం వేసుకుంది. చొక్కా భుజాల దగ్గర వదులు. టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుని తీసేసింది, మళ్ళీ పెట్టుకుంది. అబ్బాయి ఫోన్లోంచే "కుడివైపు చూసుకో, ఎడమవైపు చూసుకో" అంటున్నాడు, రోడ్డు దాటే పిల్లకి చెప్పినట్టు. "మీరు పెట్టండి ఫోను" అంది తను.

పాపని తనే దింపుతుందనుకున్నాను. గుమ్మం దగ్గర ఆగి, "మీరు తీసుకెళ్ళండి అత్తయ్యా. నేనైతే ఏడుస్తాను, మొదటిరోజు కళ్ళు ఎర్రగా ఉంటే బస్సెక్కినవాళ్ళు భయపడతారు" అంది.

నడిపించుకునే వెళ్ళాను. దారిలో ప్రతి గుమ్మమూ, ప్రతి గుంటా తనిఖీ అయింది. చాలా ముందు బయల్దేరాం కాబట్టి సరిపోయింది. ముఖం చూసి చెప్పాను. అది చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయింది. నేనూ ఇంటికి వచ్చేశాను. ఇల్లు ఊడ్చాను, ఎడమచేత్తోనే, మూలలు వదిలేసి.

సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే డబ్బాలు పేర్చడంలో ఉంది. కడుతున్న మేడ పూర్తయ్యేదాకా రాలేదు. నేను వసారాలో నేల మీద కూర్చున్నాను. వీధిలోవాళ్ళు చూస్తే చూడనీ. అది తన బూట్లు రెండూ మోసుకుంటూ వచ్చింది. చేతులు చాపలేదు. వెనక్కి తిరిగి, నా మోకాలు తడుముకుని, సర్దుకుంటూ సర్దుకుంటూ ఒళ్ళోకి ఎక్కి కూర్చుంది. బరువుగా, వెచ్చగా ఉంది. పట్టీ ఉన్న చెయ్యీ లేని చెయ్యీ రెండూ దాని చుట్టూ వేసి అలాగే ఉండిపోయాను.

అంతలో డిపోనుంచి నేరుగా కోడలు వచ్చేసింది. టోపీ చంకలో ఉంది. జుట్టంతా చెమట.

"ఎలా జరిగింది?"

"మలుపు దగ్గర ఒక పెద్దాయన, ఆడదానివి నెమ్మదిగా పోనీయమ్మా అన్నాడు. దిగేటప్పుడు మాత్రం రేపు కూడా నువ్వే వస్తావా అని అడిగాడు."

"ఏం చెప్పావు?"

"వస్తానన్నాను."

తను మా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఇన్‌స్పెక్టరు రెండు కాళ్ళూ చాపింది. కోడలు ఒక బూటు అందుకుంది, నేనొకటి అందుకున్నాను. తనది క్షణంలో అయిపోయింది. నా చేతిలోని బూటు పట్టీ కొక్కెంలో దూరడంలేదు. ఎడమచేత్తో పట్టుకుంటే జారుతుంది, కుడిచేత్తో అదిమితే వేళ్ళు ఒప్పుకోవడంలేదు. దూరినట్టే దూరి బయటికి వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాను.

కోడలు నా బూటు వైపు చెయ్యి చాపలేదు. టోపీ మోకాలి మీద పెట్టుకుని, పొద్దున బస్సులో అద్దాలు ఎలా సర్దుకుందో చెప్తూ కూర్చుంది. ఒళ్ళోది కాలు కదపకుండా అలాగే పెట్టింది. ఇద్దరూ నా కోసం ఆగారు, నేను ఆ పట్టీ బిగించేదాకా.